మీల్ మేకర్ మంచిదా, చెడ్డదా?

శ్రావణం వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ కిరాణం దుకాణాల్లో మీల్ మేకర్ సంచి లోపలి నుంచి గల్లాపెట్టె పక్కకు వచ్చేస్తుంది. నీసు ముట్టని నెల అది. ఆ తర్వాత కార్తీకం, అయ్యప్ప మాలలు, మధ్యలో శనివారాలు. ఆలుగడ్డతో కూరగానో, బగారా అన్నంలోనో, వెజ్ బిర్యానీలోనో అది పడుతుంది. "అచ్చం మటన్ లెక్కనే ఉంది" అని ఒకరంటారు, "రబ్బరు నమిలినట్టుంది" అని ఇంకొకరంటారు. ఇద్దరూ తింటారు.

మీల్ మేకర్ చేసేది సోయా గింజలతో కాబట్టి, అదే వారంలో ఫోన్‌లో సోయా మీద మూడు మెసేజ్‌లు వస్తాయి. సోయాలో ఆడ హార్మోన్ ఉంటుంది కాబట్టి మగవాళ్లు తినొద్దని ఒకటి. థైరాయిడ్ వస్తుందని మరొకటి. గుండెకు ఇంతకు మించిన తిండి లేదని మూడోది. ముగ్గురు డాక్టర్ల ఫోటోలు, మూడు రకాల మాటలు. చదివినవాళ్లు ఏం చేయాలో తోచక, కూర మాత్రం వండుకుని, తినేటప్పుడు కాస్త అనుమానపడుతూ తింటారు.

ఈ అనుమానానికి ఒక కారణం పొలాల్లోనే ఉంది. తెలంగాణలో సోయా పండేది ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి వైపు. దక్షిణాన పత్తి, వరి, పల్లీలు, కందులు, ఆముదాలు, జొన్నలు. ఉలవలు వేడి చేస్తాయని, అనుములు వాయువు చేస్తాయని, బబ్బెర్లు నానబెట్టి వండాలని ఇక్కడి ముసలవ్వలకు తెలుసు. ఆ మాటల్లో కొన్ని నిజం, కొన్ని నమ్మకం, కానీ చెప్పేవాళ్లంటూ ఉన్నారు. సోయా గురించి చెప్పే అవ్వ ఇక్కడ లేదు. పంటగా చూడలేదు, గింజగా వండలేదు, ప్యాకెట్‌గానే పరిచయం. పెద్దల మాట లేని చోటును వాట్సాప్ నింపింది.

నిజానికి దేశం మొత్తానికీ సోయా కొత్త చుట్టమే. చైనాలో వేల ఏళ్లుగా ఉన్న ఈ పంట మనదేశంలో పెద్ద ఎత్తున నిలదొక్కుకున్నది 1960ల తర్వాతే. పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి రకాలు పరీక్షించాయి. తర్వాత మధ్యప్రదేశ్ దాన్ని సొంతం చేసుకుంది. రైతు వేసింది పప్పు కోసం కాదు, నూనె కోసం. గింజలో సుమారు 20 శాతం నూనె, 36 నుంచి 40 శాతం ప్రొటీన్ ఉంటాయి. నూనె తీసేయగా మిగిలిన పిండిలో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు పోతుంది. కొంత భాగాన్ని ఆవిరి వేడిలో, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టితే ఉబ్బి గుల్లబారి బయటికొస్తుంది. అదే మీల్ మేకర్.

షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో దాణా అంటే ప్రధానంగా మక్కలు, సోయా పిండి. 2021లో దాణా కొరత వచ్చినప్పుడు కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి సోయాను పండించడానికి మాత్రం మన దగ్గర అనుమతి లేదు. "సోయా ఇంటికి రానివ్వను" అనే మనిషి ఆదివారం తినే చికెన్ సోయా తిని పెరిగినదే. అలాగని కోడి మాంసం సోయా అయిపోదు, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే, సోయా అన్నది ఒకటే తిండి కాదు. గింజ, మీల్ మేకర్, పాలు, సోయా పన్నీర్, నూనె, సాస్, జిమ్ డబ్బాలోని పొడి, మందుల దుకాణంలోని మాత్ర, అన్నింటికీ ఒకటే పేరు. శుద్ధి చేసిన సోయా నూనెలో ప్రొటీన్ ఉండదు, అందరూ భయపడే ఆ హార్మోన్ లాంటి పదార్థమూ దాదాపు ఉండదు. సాస్‌లో ఉండేది ముఖ్యంగా ఉప్పు. వీటన్నిటికీ కలిపి మంచిదా చెడ్డదా అని ఒకటే జవాబు అడిగితే ఎవరు చెప్పినా తప్పే అవుతుంది.

మీల్ మేకర్ సంగతి ముందు చూద్దాం, ఇక్కడ తినేది ఎక్కువగా అదే కాబట్టి. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు 52 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. అబద్ధం కాదు, కానీ అది ఎండుగా ఉన్నప్పటి లెక్క. 100 గ్రాములు తీసుకుని వేడినీళ్లలో వేస్తే పది నిమిషాల్లో గిన్నె నిండుతుంది. పిండితే నురగ నురగగా పచ్చి వాసన నీళ్లు కారతాయి. పిండాక కూడా బరువు మూడింతల దాకా ఉంటుంది. నలుగురికి వడ్డిస్తే ఒక్కొక్కరికి వచ్చేది 25 గ్రాముల ఎండు మీల్ మేకర్, అంటే 13 గ్రాముల ప్రొటీన్. రెండు కోడిగుడ్లకు సమానం. తక్కువేం కాదు. కానీ "మటన్ కన్నా రెండింతలు" అనే ప్రచారం ఎండు సరుకును పచ్చి మాంసంతో తూచి చెప్పే మాట. అలా తూస్తే ఎండు చేప కూడా గొప్పదే.

ప్రొటీన్ ఎంత అన్నదే కాదు, ఎలాంటిది అన్నది కూడా చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మూడు పూటలా అన్నం తినే కూలీకి బియ్యం నుంచే అందులో సగం వచ్చేస్తుంది. చిక్కేమిటంటే బియ్యంలో, జొన్నల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి, తక్కువ. అది చాలకపోతే మిగతా ప్రొటీన్‌ను ఒళ్లు పూర్తిగా వాడుకోలేదు. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది, సోయాలోనూ ఉంటుంది. అన్నంలో పప్పు కలుపుకోవడం రుచి కోసమే కాదన్నమాట. పల్చటి పచ్చిపులుసుతోనో, తొక్కుతోనో గంపెడు బువ్వ తిని లేచే పళ్లెంలో పిడికెడు మీల్ మేకర్ పడితే ఆ పళ్లెం తప్పకుండా మెరుగవుతుంది. అదే మీల్ మేకర్ రోజూ తాగే పాలనో, పిల్లల గుడ్డునో తప్పించి ఆ చోట కూర్చుంటే లాభం అంత స్పష్టంగా ఉండదు. పాలు, గుడ్డు ఇచ్చే బీ12 సోయాలో లేదు.

ఒక తిండి మంచిదో కాదో పళ్లెంలో దాని పక్కన ఏముందో చూసి చెప్పాలని దక్కన్ జొన్న ఎప్పుడో నేర్పింది. జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపిస్తే, జొన్నల్లో లూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం దానికి ఒక కారణమని 1960 ప్రాంతంలో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం హైదరాబాద్ నుంచే ప్రతిపాదించింది. జొన్న చెడ్డదని కాదు. పళ్లెంలో జొన్న తప్ప ఇంకేమీ లేకపోవడం చెడ్డది. ఇవాళ అదే జొన్నరొట్టెను షుగర్ ఉన్నవాళ్లు వెతుక్కుని మరీ కొంటున్నారు.

పచ్చి సోయా గింజల విషయంలో మాత్రం గట్టి జాగ్రత్తే అవసరం. కిలో గోధుమలకు గుప్పెడు సోయా గింజలు కలిపి గిర్ని పట్టించడం పట్నాల్లో అలవాటైంది. సోయాలో ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే పదార్థం ఉంది. పచ్చి సోయా పెట్టిన ఎలుకలు సరిగా పెరగలేదని, ఉడికించి పెడితే పెరిగాయని 1917లోనే ఆస్‌బోర్న్, మెండెల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. రొట్టె పెనం మీద ఉండేది రెండు నిమిషాలు, అది చాలదు. గింజల్ని ముందే బాగా వేయించో, ఉడికించి ఎండబెట్టో గిర్నికి పంపాలి. మీల్ మేకర్ తయారీలోనే బాగా వేడి తగులుతుంది కాబట్టి ఈ బెంగ దానికి చాలా తక్కువ. పొట్ట ఉబ్బరం మాత్రం కొందరికి వస్తుంది. పేగుల్లో అరగక పులిసే చక్కెరలు దానికి కారణం, పప్పులన్నిటిలో ఉండేవే. నానబెట్టిన నీళ్లు పారబోసి, రెండోసారి కడిగి పిండితే కొంత తగ్గుతుంది, ఆ పచ్చి వాసన కూడా పోతుంది.

ఇక మగవాళ్ల భయం. మహబూబ్‌నగర్ జిమ్‌లలో పోరగాళ్లు డంబెల్స్ ఎత్తుతూ చర్చించుకునే విషయం ఇదే: సోయా తింటే ఛాతీ ఆడవాళ్లలా పెరుగుతుందట, మగతనం తగ్గుతుందట. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉన్నాయి, వాటి ఆకారం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌కు దగ్గరగా ఉంటుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ అతుక్కునే చోట్లు రెండు రకాలు, ఆల్ఫా, బీటా. అసలు ఈస్ట్రోజెన్ రెండింటికీ గట్టిగా అతుక్కుంటుంది. ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా బీటాకే, అదీ బలహీనంగా అతుక్కుంటాయి. కాబట్టి "ఆడ హార్మోన్ ఉంది" అనడం సరికాదు. పోలిక ఉంది, పని వేరు.

పని వేరని ఊహించడం కాదు, మనుషుల మీద చూశారు కూడా. 2021లో 41 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు సోయా తిండి వల్ల గానీ, ఐసోఫ్లేవోన్ల వల్ల గానీ మగవాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్ పెరగలేదు. మరి ఛాతీ పెరిగిన కేసు? అదీ ఉంది. 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 60 ఏళ్ల మనిషి, ఛాతీ వాచి నొప్పి పెడుతోందని వచ్చాడు, ఈస్ట్రోజెన్ బాగా పెరిగి ఉంది. ఆరా తీస్తే రోజూ దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగుతున్నాడని తేలింది. మానేశాక హార్మోన్ మామూలు స్థాయికి దిగింది. మూడు లీటర్లు! బర్రె పాలైనా రోజూ అంత తాగితే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. వాట్సాప్‌లో తిరిగే కథకు మూలం ఇలాంటి ఒకటి రెండు కేసులు. లీటర్ల లెక్క మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

జపాన్‌లో తరతరాలుగా సోయా తినేవాళ్ల రోజువారీ ఐసోఫ్లేవోన్లు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర తినే ఇల్లు సగటున ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. జిమ్‌కు వెళ్లే కుర్రాడు నిజంగా ఆలోచించాల్సింది సోయా గురించి కాదు, డబ్బాలో అమ్మే పొడి గురించి. కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అది సోయా పొడికీ వర్తిస్తుంది, పాల పొడికీ వర్తిస్తుంది.

ఆడవాళ్ల విషయంలో భయం రొమ్ము క్యాన్సర్ దగ్గర ఆగుతుంది. ఈస్ట్రోజెన్ లాంటిదైతే గడ్డలు పెరగవా అన్నది సహజమైన ప్రశ్నే. షాంఘైలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 5,042 మంది మహిళలను కొన్నేళ్లు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సోయా ఎక్కువ తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం తక్కువగా కనిపించాయి. సోయా వల్లే అలా జరిగిందని ఆ ఒక్క అధ్యయనంతో అనలేం. తింటే చెడుపు జరుగుతుందన్న వాదన మాత్రం నిలబడదు. తిండిగా పరవాలేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కూడా అంటుంది. ఐసోఫ్లేవోన్ మాత్రల సంగతి వేరు. నెలసరి ఆగే వయసులో ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం తగ్గుతుందని వాటిని అమ్ముతారు. కొంతమందికి కాస్త గుణం కనిపిస్తుంది కూడా. కానీ క్యాన్సర్ వచ్చిపోయినవాళ్లు తమ డాక్టర్‌ను అడగకుండా ఆ మాత్రల జోలికి పోకూడదు. కూరలో తినేది వేరు, అదే పదార్థాన్ని చిక్కబరిచి మాత్రగా మింగేది వేరు.

థైరాయిడ్ మాటలో అబద్ధం, నిజం రెండూ కలిసిపోయి ఉన్నాయి. 1950లు, 60లలో విదేశాల్లో సోయా పాలపొడి మీద పెరిగిన కొందరు పసిపిల్లలకు థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు వాపు వచ్చింది. ఆ పొడిలో అయోడిన్ లేదు. కలపడం మొదలయ్యాక ఆ ఇబ్బంది పోయింది. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, థైరాయిడ్ మామూలుగా పనిచేసే మనిషికి సోయా వల్ల జబ్బు వస్తుందని అధ్యయనాల్లో తేలలేదు.

అసలు సమస్య ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్లది. పొద్దున ఆరింటికి లేచి, చిన్న తెల్లమాత్ర వేసుకుని, వెంటనే చాయ్ తాగి, "బరువు తగ్గాలి" అని ఏడింటికి సోయా పాలు తాగేవాళ్లు ఉన్నారు. ఆ మాత్ర పేగులోంచి రక్తంలోకి చేరకుండా సోయా కొంత అడ్డుకుంటుంది. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే, థైరాయిడ్ చాలడం లేదని చెప్పే టీఎస్‌హెచ్ పెరిగి ఉండొచ్చు, అప్పుడు డాక్టర్ డోసు పెంచుతారు. సోయా మానేసిన నెలలో అదే డోసు ఎక్కువై గుండె దడ మొదలవ్వొచ్చు. మాత్ర పరగడుపున వేసుకుని, సోయాను మధ్యాహ్నానికో రాత్రికో జరిపితే చాలు. తినేవాళ్లు ఒక వారం బాగా తిని ఇంకో వారం పూర్తిగా మానేయకుండా ఒకే తీరుగా తింటే డోసు కుదురుగా ఉంటుంది. రోజూ తింటున్న సంగతి డాక్టర్‌కు చెప్పాలి. దవాఖానలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మనమే చెప్పాలి.

గుండె దగ్గర గొప్పలు కొంచెం తగ్గించుకోవాలి. రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ తింటే గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లో అనుమతి ఇచ్చింది. ఆధారాలు అంత గట్టిగా లేవని 2017లో అదే సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గేది 3, 4 శాతం. కొవ్వు ఎక్కువున్న మాంసం బదులు తింటే మాత్రం లాభం ఇంకాస్త కనిపిస్తుంది. దేని బదులు అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది.

దక్షిణ తెలంగాణకు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది రక్తహీనత. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. సోయాలో ఇనుము బాగానే ఉంది, దానితోపాటు ఆ ఇనుమును పట్టేసుకునే ఫైటేట్ కూడా ఉంది. ప్యాకెట్ మీద కనిపించే ఇనుములో ఒంటికి పట్టేది కొంతే. కూర దించాక నిమ్మకాయ పిండితే పట్టేది పెరుగుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే తగ్గుతుంది. రక్తం పెరగడానికి మీల్ మేకర్ మీదే ఆధారపడితే పని కాదు.

రెండోది ఎముకలు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు వంచేసిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు ఇప్పటికీ కళ్లముందు తిరుగుతున్నాయి. 1970ల మొదట్లోనే పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. అలాంటి చోట "ఎముకలకు బలం" అని రాసిన సోయా పాల ప్యాకెట్ అమ్మడం చూస్తే ఒళ్లు మండుతుంది. విడిగా కాల్షియం కలపని సోయా పాలలో అది బర్రె పాలతో పోలిస్తే చాలా తక్కువ. ఎముకల కోసమైతే పాలు, పెరుగు, రాగులు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. సోయా పాలే కావాలనుకుంటే వెనక చిన్న అక్షరాల్లో కాల్షియం కలిపారో లేదో, చక్కెర ఎంత పోశారో చూసి కొనాలి. చాక్లెట్, బాదం రుచుల్లో వచ్చేవాటిలో చక్కెరదే పెద్ద వాటా.

ఏడాది నిండని పిల్లలకు తల్లిపాల బదులు మామూలు సోయా పాలు పట్టడం ప్రమాదం, అందులో బేరం లేదు. కొందరికి సోయా అలర్జీ ఉంటుంది, అందుకే బిస్కెట్ ప్యాకెట్ల మీద కూడా సోయా ఉందని రాయాలన్న నిబంధన ఉంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ప్రొటీన్ ఎంత తినాలో డాక్టర్ కొలిచి చెబుతారు, ఆ కొలతలో మీల్ మేకర్‌ను కూడా లెక్కేసుకోవాలి. కూరగాయే కదా అని విడిగా వడ్డించుకుంటే లెక్క తప్పుతుంది.

సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ లాంటి చోట ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నిలబడి చూస్తే సోయా ఇంకో వేషంలో కనబడుతుంది. కడాయిలో నూనె పొగలు కక్కుతుంటే అన్నం పడుతుంది, నల్ల సీసా రెండు సార్లు వంగుతుంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000. ఆ పైన ఉప్పు, టేస్టింగ్ సాల్ట్, ఇంకో సాస్. పక్కనే మీల్ మేకర్ మంచూరియా మైదాలో మునిగి, నూనెలో తేలి వస్తుంది. మీల్ మేకర్‌లో కొవ్వు దాదాపు లేదని ప్యాకెట్ చెప్పిన మాట ఆ కడాయిలో కరిగిపోయింది. బీపీ ఉన్న మనిషి "సోయా చెడ్డదట" అని ఇంట్లో కూర పక్కనపెట్టి, ఈ బండి దగ్గర ప్లేటు నాకడం మన ఊళ్లలో కొత్తేం కాదు.

ఇంత చెప్పాక కూడా ఆ వాసన, ఆ సాగుడు పడనివాళ్లు ఉంటారు. వాళ్లు బలవంతంగా మింగక్కర్లేదు. పాలమూరు పల్లీల్లో 100 గ్రాములకు 25 గ్రాముల దాకా, కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. వారం అంగడిలో బబ్బెర్లు, ఉలవలు, అనుములు ఇంకా కుప్పలు పోసి అమ్ముతున్నారు. వాటిని ఎంతసేపు నానబెట్టాలో ఇంట్లో అవ్వను అడిగితే చెబుతుంది.